నత్తకు వేసిన ఎర

నత్తను చంపాలంటే ముందు దాని చేత తినిపించాలి. ఒంటినిండా జిగురు ఉన్న జీవి కాబట్టి మీద చల్లిన మందు చాలావరకు పని చేయదు. అందుకే నత్తల మందు గుళికల రూపంలో వస్తుంది. అందులో విషం నూటికి రెండు నుంచి అయిదు పాళ్లే. మిగిలినదంతా పిండి, తవుడు, మడ్డి వంటి తిండి సరుకు. నత్త వాసన పట్టి రావాలి, వచ్చాక వదలకుండా తినాలి, వానకు గుళిక వెంటనే కరిగిపోకూడదు. తయారీదారులు ఇన్నేళ్లుగా కుదుర్చుకుంటూ వచ్చిన గుణాలు ఇవే. ఈ గుణాలన్నీ కుక్కకు కూడా నచ్చుతాయి. పెరట్లో కుక్క నత్తల మందు తిని చనిపోయిందంటే యజమాని అజాగ్రత్తనో, కుక్క తిండిపోతుతనాన్నో తప్పుపట్టి ఊరుకోవడం తేలిక. అసలు చిక్కు మాత్రం సరుకులోనే ఉంది. అది విషం పట్టించిన తిండి.

ఈ సమస్య ఎక్కువగా కనిపించేది చలి, తేమ కలిసి ఉండే చోట్ల. ఇంగ్లండ్, అమెరికాలో ఒరెగాన్, పశ్చిమ వాషింగ్టన్, కాలిఫోర్నియా తీరం, ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ చుట్టుపక్కల, న్యూజిలాండ్. వీటిలో చాలా చోట్ల ఇప్పుడు మనవాళ్ల పెరళ్లున్నాయి. సియాటిల్‌లోనో పోర్ట్‌లాండ్‌లోనో గోంగూర, బచ్చలి, చిక్కుడు నారు పోసుకున్నవారికి రాత్రికి రాత్రి లేత మొక్కలు మాయం కావడం అనుభవమే. పగలు కనపడవు, పొద్దున చూస్తే మెరిసే జిగురు చారలు మాత్రం మిగులుతాయి. గుల్ల ఉన్న నత్త కంటే గుల్ల లేనిది, అక్కడివాళ్లు స్లగ్ అనేది, ఇంకా ఎక్కువ తింటుంది. తోట సామాను కొట్టుకు వెళితే చేతికి అందే మొదటి పరిష్కారం గుళికల డబ్బా.

ఆ డబ్బాలో ఎక్కువ కాలం రాజ్యమేలింది మెటాల్డిహైడ్. ఇది ఎసిటాల్డిహైడ్ అణువులు నాలుగు గుండ్రంగా ముడిపడగా ఏర్పడే తెల్లని ఘనపదార్థం. మొదట్లో దీన్ని పురుగుమందుగా చేయలేదు. స్విట్జర్లాండ్‌లో చిన్న చిన్న ఇంధన బిళ్లలుగా తయారుచేసి, ప్రయాణాల్లో పొయ్యి వెలిగించుకోవడానికి అమ్మేవారు. ఆ బిళ్లలకు నత్తలు చస్తాయని 1930లలో బయటపడింది. దాన్ని తవుడులో కలిపి తోటల్లో పెట్టడం అప్పటినుంచే మొదలైంది. నత్త దీన్ని తింటే విపరీతంగా జిగురు కార్చి, ఒంట్లో నీరంతా పోగొట్టుకుని చస్తుంది.

కుక్క ఒంట్లో జరిగేది వేరు. తిన్న అరగంట నుంచి మూడు గంటల లోపు మొదటి గుర్తులు కనిపిస్తాయి. కుక్క ఒక చోట నిలవదు, రొప్పుతుంది, చొంగ కారుస్తుంది, కాళ్లు తడబడతాయి. ఆ తర్వాత కండరాలు వణకడం మొదలవుతుంది. చప్పుడు వినిపించినా, చేయి తగిలినా, దీపం వేసినా వణుకు పెరుగుతుంది. అక్కడినుంచి ఫిట్స్. కండరాలు ఎడతెగకుండా బిగుసుకుంటూ ఉంటే ఒంట్లో పుట్టే వేడి బయటికి పోదు. మామూలుగా 38, 39 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండే కుక్క ఒంటి వేడి 42 దాటిపోతుంది. మెదడు, మూత్రపిండాలు, రక్తం గడ్డకట్టే ఏర్పాటు, అన్నీ ఆ వేడికే దెబ్బతింటాయి. రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. వైద్యం అందకపోతే కొన్ని గంటల్లోనే ఊపిరి ఆగి చనిపోవచ్చు. మొదటి రోజు గట్టెక్కిన కుక్కకు రెండు మూడు రోజుల తర్వాత కాలేయం దెబ్బతిన్న సందర్భాలున్నాయి. తాత్కాలికంగా చూపు పోయినవీ ఉన్నాయి.

మెటాల్డిహైడ్ కడుపులోని ఆమ్లానికి విడిపోయి ఎసిటాల్డిహైడ్‌గా మారుతుందని, హాని చేసేది అదేనని చాలాకాలం అనుకున్నారు. తర్వాత కుక్కల మీద చేసిన పరీక్షల్లో రక్తంలో, మూత్రంలో దొరికింది మెటాల్డిహైడే. మెదడులో నరాల ఉద్రేకాన్ని అణచి ఉంచే గాబా అనే రసాయనం తగ్గిపోవడమే ఫిట్స్‌కు ముఖ్య కారణమని, సెరొటోనిన్ వంటివి కూడా తగ్గుతాయని ఎలుకల మీద జరిగిన పని చెబుతోంది. పూర్తి చిత్రం ఇప్పటికీ తేలలేదు. వైద్యానికి సంబంధించినంతవరకు ముఖ్యమైన సంగతి ఒకటి: దీనికి విరుగుడు మందంటూ లేదు.

విరుగుడు లేదంటే వైద్యం లేదని కాదు. ఇది చాలామంది పొరపడే చోటు కాబట్టి నొక్కి చెబుతున్నాను. సమయానికి చేర్చిన కుక్కల్లో ఎక్కువ భాగం బతుకుతాయి. గుర్తులేవీ మొదలుకాకముందే తీసుకెళితే డాక్టరు ఇంజెక్షనుతో వాంతి చేయిస్తారు, తర్వాత యాక్టివేటెడ్ చార్‌కోల్ ఇస్తారు. వణుకు మొదలయ్యాక వాంతి చేయించకూడదు, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అప్పుడు మత్తు ఇచ్చి, శ్వాసనాళంలో గొట్టం పెట్టి కడుపు కడుగుతారు. వణుకు అణచడానికి మెథోకార్బమాల్, ఫిట్స్‌కు డయాజిపామ్, అప్పటికీ లొంగకపోతే ప్రొపోఫాల్ వంటి మత్తుమందు. సెలైన్ ఎక్కిస్తారు, ఒళ్లు చల్లబరుస్తారు. ఒక రోజు, రెండు రోజులు, కొన్నిసార్లు మూడు రోజులు ఇలా కనిపెట్టుకుని ఉండాలి. ఆ పైన విషం దానంతట అదే ఒంట్లోంచి పోతుంది. వైద్యమంతా అప్పటిదాకా కుక్కను నిలబెట్టి ఉంచడమే.

ఇంట్లో చేసే చిట్కాల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఉప్పునీళ్లు తాగించడం. మనుషులకు చేసిన అలవాటు కొద్దీ మన ఇళ్లలో అది వెంటనే గుర్తొస్తుంది. కుక్కకు ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి, ఆ ఉప్పుకే ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. పాలు, గుడ్డు, కొబ్బరినీళ్లు ఈ విషాన్ని విరచవు, అరగంట మాత్రం తినేస్తాయి. కారులో తీసుకెళ్లేటప్పుడు ఏసీ వేసి, పాటలు ఆపి, దుప్పటి కప్పకుండా, వెలుతురు తగలకుండా తీసుకెళ్లడం నిజంగా పనికొచ్చే సాయం.

ఎంత తింటే ప్రాణాపాయం అన్న ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి. ఈ మొత్తం వ్యవహారంలో నియమాలు ఎక్కడ దారి తప్పాయో ఆ లెక్కలోనే తెలుస్తుంది. కుక్క ఒంటి బరువు కిలోకు 100 మిల్లీగ్రాముల మెటాల్డిహైడ్ దగ్గర చావు మొదలవుతుందని పశువైద్య గ్రంథాలు చెబుతాయి. ప్రయోగాల్లో సగం కుక్కలు చనిపోయిన మోతాదు కిలోకు 210 నుంచి 600 మిల్లీగ్రాముల మధ్య ఉంది. తక్కువ అంకెనే తీసుకుందాం. 10 కిలోల కుక్కకు ఒక గ్రాము. 3 శాతం గుళికల్లో ఒక గ్రాము విషం ఉండాలంటే 33 గ్రాముల గుళికలు కావాలి.

ఇప్పుడు పొలం చూద్దాం. బ్రిటన్‌లో వాడకం చివరి ఏళ్లలో ఒక విడతకు హెక్టారుకు 210 గ్రాముల మెటాల్డిహైడ్ మించకూడదని హద్దు పెట్టారు. 3 శాతం గుళికల్లో అది 7 కిలోలు, చదరపు మీటరుకు 0.7 గ్రాములు. ఆ పలుచదనంలో 33 గ్రాములు కడుపులో పడాలంటే మన 10 కిలోల కుక్క దాదాపు 48 చదరపు మీటర్ల నేల మీద ఒక్క గుళికా వదలకుండా ఏరుకు తినాలి. అదే షెడ్డులో కిలో డబ్బా దొరికిందనుకోండి. 33 గ్రాములంటే రెండు మూడు నోళ్లు. అట్టడబ్బాలో అలాంటి మోతాదులు ముప్పై ఉంటాయి. ల్యాబ్రడార్‌కు అట్ట చింపడం ఆట.

ఈ లెక్కను చూసి నేల మీది గుళికలు ఫర్వాలేదనుకోకూడదు. ఇంటి తోటల్లో ఎవరూ కాటా పెట్టి చల్లరు, మొక్క మొదట్లో పిడికెడు పోస్తారు. 33 గ్రాములకు చాలా ముందే వణుకు మొదలయ్యే కుక్కలూ ఉన్నాయి. కాబట్టి ఎంత తిన్నా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. నేను చెప్పదలచింది వేరు. లేబుళ్లు, సలహాలు, నియమాలు దాదాపు అన్నీ నేల మీద ఎలా చల్లాలన్న దాని గురించే మాట్లాడతాయి: పలుచగా చల్లండి, కుప్పలు పెట్టకండి, ఒలికితే ఎత్తండి. మంచి సలహాలే. కానీ కుక్కకు అతిపెద్ద గండం ఇంకా నేల మీద చల్లకుండా దాచిన మందు. గరాజులో, షెడ్డులో, కిందటి ఏడాది సగం వాడి మడిచి పెట్టిన సంచిలో ఉన్నది. పిల్లలు తీయలేని మూతలు మందుల సీసాలకు ఎప్పుడో వచ్చాయి. తిండి వాసన వేసే విషాన్ని మాత్రం కుక్క పంటికి లొంగే అట్టలోనూ పలచటి ప్లాస్టిక్‌లోనూ అమ్మడాన్ని ఏ పద్ధతిలోనూ సమర్థించలేం. చిన్న పొట్లాలు, గట్టి డబ్బాలు అడగడం అతి కోరిక కాదు.

దీనికి బదులుగా చేసింది చేదు కలపడం. డెనటోనియం బెంజొయేట్ అనే చేదు పదార్థాన్ని చాలా గుళికల్లో కలుపుతారు. పిల్లలు ఉమ్మేయడానికి అది పనికొస్తుంది. కుక్క నమలదు, మింగుతుంది. చేదు కలిపిన గుళికలు తిన్న కుక్కలు కూడా ఆస్పత్రులకు వస్తూనే ఉన్నాయి.

రంగును నమ్మడం ఇంకో పొరపాటు. ఆస్ట్రేలియాలో మెటాల్డిహైడ్ గుళికలు ఆకుపచ్చ, మెథియోకార్బ్ గుళికలు నీలం, ఇనుముతో చేసినవి ఎరుపు అని ఒక వాడుక గుర్తు ఉండేది. బ్రిటన్‌లో మెటాల్డిహైడే నీలంగా అమ్మారు. ఒక దేశంలో నేర్చుకున్న రంగు ఇంకో దేశంలో ప్రాణం మీదికి తెస్తుంది, ఎందుకంటే ఈ మూడు విషాలకూ వైద్యం వేర్వేరు. మెథియోకార్బ్ కార్బమేట్ జాతి మందు. దాని దెబ్బకు చొంగ, కన్నీళ్లు, విరేచనాలు, చిన్నబోయిన కంటిపాపలు, వణుకు వస్తాయి. దానికి అట్రోపిన్ విరుగుడు ఉంది. గింజలు తినే పక్షులకు ముప్పని యూరప్‌లో నత్తల మందుగా దాని వాడకాన్ని 2014 తర్వాత ఆపేశారు.

మూడోది ఇనుము. జర్మనీలో రూపుదిద్దుకున్న ఐరన్ ఫాస్ఫేట్ గుళికలకు అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది. సేంద్రియ సాగులో కూడా వాడనిస్తారు. తిన్న నత్త వెంటనే తిండి మానేసి, ఏ మూలో దాక్కుని కొన్ని రోజులకు చస్తుంది. శవాలు కనపడవు కాబట్టి మందు పని చేయలేదనుకుని మళ్లీ మళ్లీ చల్లేవాళ్లున్నారు. మెటాల్డిహైడ్‌తో పోలిస్తే కుక్కకు ఇది చాలా మేలు, అందులో సందేహం లేదు. కానీ డబ్బా మీద పెంపుడు జంతువులకు సురక్షితం అని రాసే మాట నాకు మింగుడు పడదు. ఐరన్ ఫాస్ఫేట్ మామూలుగా ఒంటికి పెద్దగా పట్టని ఇనుము. అది నత్తకు పట్టాలని ఈడీటీఏ వంటి పదార్థం కలుపుతారు. నత్తకు పట్టించే ఆ పదార్థమే కుక్కకు కూడా ఇనుము పట్టిస్తుంది. దాని పేరు చాలా లేబుళ్ల మీద విషం కింద రాదు. ఐరన్ ఈడీటీఏ గుళికలు తిని జబ్బుపడిన అయిదు కుక్కల గురించి 2009లో ఆస్ట్రేలియా పశువైద్యులు రాశారు. కడుపునొప్పి, నెత్తురు విరేచనాలు కొన్ని గంటలు గడిచాక గాని బయటపడలేదు. నాలుగు గుళికలు నాకిన కుక్కకు వాంతితో పోవచ్చు. డబ్బా ఖాళీ చేసిన కుక్కకు ఇది కూడా అత్యవసరమే.

చట్టాల కథ బ్రిటన్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ నదుల నీళ్లలో మెటాల్డిహైడ్ 2007లో బయటపడింది. తాగునీటిలో ఏ పురుగుమందైనా లీటరుకు 0.1 మైక్రోగ్రాము మించకూడదన్నది నియమం. మామూలు బొగ్గు వడపోతకు మెటాల్డిహైడ్ సరిగా లొంగదు. నీటి సంస్థలు రైతుల వెంట పడ్డాయి. తర్వాత పక్షులు, ముళ్ల ఎలుకల వంటి అడవి జంతువులకు ముప్పని ప్రభుత్వం 2018 డిసెంబరులో నిషేధం ప్రకటించింది. ఒక కంపెనీ కోర్టుకెక్కడంతో 2019లో ఆ నిర్ణయం చెల్లకుండా పోయింది. 2020 సెప్టెంబరులో మళ్లీ ప్రకటించి, 2021 మార్చి 31తో అమ్మకాలు, 2022 మార్చి 31తో వాడకం ఆపించారు. కుక్కలకు ఇది ప్రాణాంతకమని అక్కడి పశువైద్యులకు దశాబ్దాలుగా తెలుసు. విషాల మీద వాళ్లకు సలహా ఇచ్చే ప్రత్యేక కేంద్రం లండన్‌లో 1992 నుంచి ఉంది. అయినా కదలిక తెచ్చింది నీళ్లు, పక్షులు. కుక్క ఇంటి జంతువు, యజమాని బాధ్యత అనే భావన ఈ లెక్కల నుంచి దాన్ని తప్పించింది. నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది.

అమెరికాలో నిషేధం లేదు. అక్కడి పర్యావరణ సంస్థ 2006లో మెటాల్డిహైడ్‌ను తిరిగి పరిశీలించినప్పుడు, పిల్లలకూ కుక్కలకూ ప్రాణాంతకమన్న హెచ్చరిక లేబుల్ మీద స్పష్టంగా ఉండాలని పట్టుబట్టింది. కుక్క పేరు అధికారికంగా నమోదైనందుకు అది మెచ్చుకోదగ్గ పనే. కానీ హెచ్చరిక చదివేది మనిషి, డబ్బా కొరికేది కుక్క.

కుక్కను కాపాడటానికే నత్తల మందు వేస్తున్నామని వాదించేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాటలో నిజముంది. నత్తల్లో పెరిగే ఊపిరితిత్తుల పురుగు ఇంగ్లండ్‌లో కుక్కలకు పెద్ద బెడద. నత్తనో, చిన్న స్లగ్‌నో మింగిన కుక్కకు దగ్గు, ఆయాసం, రక్తం గడ్డకట్టకపోవడం, పట్టించుకోకపోతే చావు. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో ఎలుకల నుంచి నత్తలకు చేరే ఇంకో పురుగు కుక్కల వెన్నుపామును పట్టి వెనక కాళ్లు పడిపోయేలా చేస్తుంది. అయినా పెరట్లో నత్తలన్నిటినీ చంపి ఈ జబ్బును ఆపడం కుదిరే పని కాదు. పశువైద్యుడు రాసే నెలవారీ నులిపురుగు మందుల్లో మాక్సిడెక్టిన్, మిల్బెమైసిన్ వంటివి ఇంగ్లండ్ పురుగును నివారించగలవు. నత్తకు విషం పెట్టడం కన్నా కుక్కకు మందు వేయడమే దగ్గరి దారి.

మన దేశంలో ఈ సమస్యకు ముఖం వేరు. ఇక్కడి నత్త పెద్ద ఆఫ్రికన్ నత్త. 1847లో విలియం బెన్సన్ అనే నత్తల శాస్త్రజ్ఞుడు మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చి తోటలో వదిలించినవాటితో మొదలై, వానాకాలం తోటల మీద పడే తెగులుగా దేశమంతా పాకింది. కేరళలో ఊళ్లకు ఊళ్లు దీనితో సతమతమవుతున్నాయి. మన బొప్పాయి, కోకో, కూరగాయల తోటలకూ దీని బెడద ఉంది. 2.5 శాతం మెటాల్డిహైడ్ గుళికలు ఇక్కడా దొరుకుతాయి. అయితే మన దగ్గర కుక్కకు ఎక్కువ ముప్పు, నా ఉద్దేశంలో, కొన్న గుళికల కన్నా చేత్తో కలిపిన ఎర.

తవుడు, బెల్లం, పురుగుమందు కలిపి ఉండలు చేసి సాయంత్రం చేలో పెట్టడం తెలుగు రైతుకు కొత్త కాదు. పొగాకు లద్దెపురుగుకు మోనోక్రోటోఫాస్‌తో ఆ పని చాలాకాలం చేస్తూ వచ్చారు. నత్తలకు కూడా అదే ఎరలో మెథోమిల్ కలపడం కర్ణాటక వైపు సిఫారసుల్లోనే ఉండేది. మెథోమిల్‌ను కేంద్రం 2023లో నిషేధించింది, కానీ ఎర కలిపే అలవాటు మందు మారినా పోదు. ఈ ఉండల్లో విషం లెక్కగా ఉండదు. ఒక్కో ఉండ ఒక్కో మోతాదు. బెల్లం పులిసిన వాసన ఊరి కుక్కకూ, కాపలా కుక్కకూ, తోటలో మేసే మేకకూ ఒకేలా పిలుపు. పైగా ఇవి నేల మీద పలుచగా పడే గుళికలు కావు, ఇందాక చెప్పిన లెక్కలో కుప్పలు. ఒక మేలు మాత్రం ఉంది: ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ మందులకు అట్రోపిన్ పని చేస్తుంది, అది చిన్న పశువైద్యశాలలో కూడా దొరుకుతుంది. కానీ ఏ మందు తిన్నదో తెలియకపోతే మెటాల్డిహైడ్ వణుకు, మోనోక్రోటోఫాస్ వణుకు పైకి ఒకేలా కనిపించి విలువైన సమయం పోతుంది.

నత్తల మీద వేరే ఉపాయాల సంగతి క్లుప్తంగా. గుడ్డుపెంకులు, రాగి పట్టీ, బెరడు పరుపు వంటివాటిని ఇంగ్లండ్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ లెట్యూస్ మొక్కల మీద పరీక్షించి, తేడా ఏమీ కనపడలేదని 2018లో చెప్పింది. అదే సంస్థ 2022లో నత్తలను తెగుళ్ల జాబితాలోంచే తీసేసింది. నత్తలను చంపే సూక్ష్మమైన నులిపురుగులను నీళ్లలో కలిపి పోసే పద్ధతి 1990ల నుంచి బ్రిటన్‌లో ఉంది, కుక్కకు వాటితో ఏ హానీ లేదు. మన పెద్ద నత్తలకైతే తడి గోనెసంచి కింద బొప్పాయి ఆకులు, కోసు ఆకులు పెట్టి, రాత్రి టార్చితో ఏరి ఉప్పునీళ్ల బకెట్‌లో వేయడమే అన్నిటికన్నా నమ్మకం. చేతికి తొడుగు తప్పదు, వాటి జిగురులో మనిషికీ సోకే పురుగు ఉండవచ్చు. శ్రమ ఎక్కువే. ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు ఆ శ్రమ పడాలనే నేనంటాను.

అయినా మందు తప్పదనుకునేవాళ్లు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయాలి. ఎత్తైన అర చాలదు, కింద పడేస్తే డబ్బా పగులుతుంది. బ్రిటన్‌లో ఉన్నవాళ్లు పాత షెడ్లు ఒకసారి వెతకాలి. నిషేధం అమ్మకాన్ని ఆపింది గాని అల్మారాల్లో మిగిలిన నీలం గుళికలను తీసుకుపోలేదు. వాటిని చెత్తబుట్టలో వేయకుండా స్థానిక కౌన్సిల్ వారి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఇవ్వాలి. కొన్న రోజునే లేబుల్‌ను ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవాలి. ఎర సొంతంగా కలిపే రైతు మందు సీసాను ఎర పని ముగిసేదాకా పారేయకూడదు. ఫోను చేయగానే డాక్టరు అడిగేవి నాలుగే: మందు పేరు, శాతం, ఎంత పోయింది, ఎప్పుడు. కుక్క బరువు కూడా చెప్పగలిగితే వైద్యం మీరు దారిలో ఉండగానే సిద్ధమవుతుంది.